కొబ్బరిచిప్ప కింద చిన్ని

“రాండ్రి, రాండ్రి, ముందలకు జరుగుండ్రి. అరేయ్ రిషీ, ఆ బస్తా మీద కూసోకు, అది చక్కెర, నిన్ను గూడ చీమలెత్తుకపోతయి. ఇట్ల నా మోకాళ్ల కాడికి రా. దూరం కూసుంటే కథ సగం తొవ్వలనే రాలిపోతది.”

చేవెళ్లలో బీజాపూర్ రోడ్డు మీద వీరేశం కిరాణా దుకాణం. దుకాణం వెనకే ఇల్లు, పక్క సందులోకి తిరిగితే ఇంటి అరుగు. పొద్దుగూకే వేళకు సందులోని పిల్లలంతా ఆ అరుగెక్కుతారు. వీరేశం నోట్లో ఉన్నన్ని కథలు ఆయన దుకాణంలో పప్పుగింజలైనా ఉండవు మరి. పెద్దవాళ్లు ఆయన్ను కోతల సేటు అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయన దాన్ని బిరుదు కింద తీసుకున్నాడు.

ఆ రోజు గురువారం. ముడిమ్యాల జంగయ్య కూడా అరుగు చివర కూర్చుని ఉన్నాడు. మార్కెట్లో టమాటలు దించి, ఊరికి పోయే ఆటో నిండేదాకా నడుం వాలుద్దామని వచ్చాడు. వీరేశం మనవరాలు స్వప్నిక మాత్రం తాత మోకాళ్ల దగ్గరికి రాలేదు. గుమ్మానికి ఆనుకుని, లోపలి గదిలో స్టూలు మీదున్న అద్దాల తొట్టినే చూస్తోంది.

నిజానికి ఆ సాయంత్రం వీరేశానికి కథ చెప్పాలన్న సరదా లేదు. అవసరం ఉంది.

ఆయన చిన్న మంగళారంలో ఒక ఫామ్‌హౌస్‌కు సరుకులు తీసుకెళ్లి ఇచ్చేవాడు. అక్కడుండే మంజుల మేడం ఇల్లు మారుతూ తన చేపల తొట్టిని, అందులోని జత చేపలను స్వప్నికకు ఇచ్చేసింది. తాత వెంట వెళ్లినప్పుడల్లా ఆ పిల్ల తొట్టి ముందు నుంచి కదిలేది కాదు. మరుగుజ్జు సిక్లిడ్లట వాటి జాతి పేరు. మగది బొటనవేలంత, ఆడది అందులో సగం. మగదానికి నీలం మెరుపు, వెడల్పు రెక్కలు, వాటిని విప్పుకుని అటూ ఇటూ తిరగడమే దాని ఉద్యోగం. స్వప్నిక దానికి దొర అని పేరు పెట్టింది. బూడిద రంగులో, ఎవరి కంటా పడకుండా తిరిగే ఆడదానికి చిన్ని అని పెట్టింది.

ఇప్పుడు ఆ చిన్ని కనిపించడం మానేసింది. తొట్టిలో ఒక మూల కొబ్బరిచిప్ప బోర్లించి ఉంది, దానికి పక్కన వేలు పట్టేంత కన్నం. అందులోకి దూరిన చిన్ని తిండి వేసినా బయటికి రాలేదు. దొరగారు రెక్కలు ముడుచుకుని ఎదురు మూలన ఆకుల చాటున నిలబడ్డాడు.

“పెండ్లాం పోయిన మొగని లెక్క లేడూ?” అంది వీరేశం భార్య సుమిత్రమ్మ, దొరను చూసి. ఇక తీర్పు అయిపోయింది. చేప చచ్చింది. రేపు శుక్రవారం. చచ్చిన ప్రాణిని, బాదం ఆకులు నాని కషాయంలా ఉన్న ఆ నీళ్లను దేవుని గూటి పక్కన పెట్టుకుని శుక్రవారం దీపం పెట్టేది లేదు. తెల్లారగానే ఇల్లు కడిగేటప్పుడు ఆ నీళ్లూ పారబోసి, తొట్టిని పీచుతో తోమి, తేటగా బోరు నీళ్లు నింపుతానంది.

ఆమె చెడ్డ మనిషేం కాదు. ఇదివరకు ఇంట్లో గాజు గిన్నెలో ఎర్రచేపలు పెంచినప్పుడు కూడా ప్రేమతోనే అలా చేసింది. ఇంటిల్లిపాదికీ శుక్రవారం తలంటు ఉన్నప్పుడు వాటికి మాత్రం వద్దా అని, వారం వారం నీళ్లన్నీ మార్చి, పైగా చిటికెడు పసుపు వేసేది. ఒక్క జత కూడా ఆదివారం మొహం చూడలేదు.

వీరేశానికి మాత్రం అసలు సంగతి తెలుసు. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోన్ లైటు వేసి కన్నంలోకి తొంగి చూశాడు. చిప్ప లోపలి కప్పుకు సన్నటి గుడ్లు అతుక్కుని ఉన్నాయి. వాటి కింద ఒక రెక్క విసనకర్రలా ఊగుతోంది. లైటు పడేసరికి ఆ రెక్క బెదిరి ముడుచుకుంది. ఆయనకూ భయమేసి లైటు ఆర్పేశాడు. గుడ్లు పెట్టిన తల్లిని కదిలిస్తే, ఉన్నట్టుండి నీళ్లు మారిస్తే, తన గుడ్లను తనే తినేస్తుందని మేడం తొట్టి ఇచ్చేటప్పుడే చెప్పింది. మేడంతోనే ఆ మాట చెప్పిద్దామంటే ఆమె నంబరు కలవడం లేదు.

సరే, తనే ఇంట్లో చెప్పాడు. “అవునవును, అవి నీతోని మాట్లాడినయి గూడ,” అంది సుమిత్రమ్మ. స్వప్నికైతే తాత వంక ఒక్క చూపు చూసింది. ఆయన ఇన్నేళ్లూ కోసిన కోతలన్నీ ఆ చూపులో ఉన్నాయి. పైగా, “నేనే చిప్ప ఎత్తి చూస్త,” అని కూర్చుంది.

జీవితంలో ఒక్క నిజం చేతికి చిక్కింది, కొనేవాళ్లు లేరు. కిరాణా దుకాణపువాడికి ఇంతకంటే కష్టం ఏముంటుంది? పిల్లను ఇవాళ చిప్ప ఎత్తనీయకూడదు, భార్యను రేపు తొట్టి ముట్టనీయకూడదు. ఆయనకు వచ్చిన విద్య ఒక్కటే. అందుకని పిల్లల్ని పిలిచి, గొంతు లోపలి గదిలోకి కూడా వినబడేటట్టు సవరించుకున్నాడు.

“ఈ తొట్టి చిన్న మంగళారం కెల్లి చేవెళ్లకు ఎట్ల వచ్చిందో ఎరుకేనా మీకు?”

“ఆటోల,” అన్నాడు రిషి.

“ఆటోలనే. అబద్ధమెందుకు? నా ఒళ్లె పెట్టుకొని తెచ్చిన, నిండ నీళ్లతోని. మన తొవ్వల గుంతలు ఎట్లుంటయో మీకు నేను చెప్పాల్నా? అయినా ఒక్క చుక్క ఒలకలే. ఎందుకొలకలే అంటరా? గుంత వచ్చినప్పుడల్ల నేను గట్టిగ ఊపిరి పీల్చి ఆటోను జర మీదికి లేపిన.” వీరేశం రెండు చేతులూ అంతెత్తున లేచాయి.

“కూసున్నోనివి ఆటోను ఎట్ల లేపుతవు సేటూ?” అన్నాడు జంగయ్య.

“కూసొనే లేపాలె జంగన్నా. నిలబడి లేపితే నెత్తికి టాపు తాకుతది.”

పిల్లలు కిలకిలమన్నారు. వీరేశం ఓరకంట గుమ్మం వైపు చూశాడు. స్వప్నిక నవ్వలేదు.

“సరే, తెచ్చిన. తెచ్చినంక మొదలు కింద మన్ను పరవాలె. బజార్ల రంగురాళ్లు అమ్ముతరు, అవి గాదు. చేపకైనా ఇల్లంటే ఇల్లు లెక్క ఉండాలె గద. ముడిమ్యాలకు పొయ్యి మన జంగన్న చేన్లకెల్లి ఒక గంపెడు మన్ను తెచ్చిన.”

“ఆ గంప ఇంక నాకు రానేలే.”

“వస్తది, వస్తది. గంప కథల ఉన్నదిప్పుడు, కథ ఒడిసినంక ఇస్త. మన్ను మీద సన్నటి ఇసుక పోసి, నారు నాటినట్టు చిన్న చిన్న మొక్కలు నాటిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? పొద్దుగాల లేచి చూస్తే మొక్కలు తొట్టి దాటినయి. మధ్యాన్నానికి కిటికీ దాటినయి. పొద్దూకే వరకు ధనమ్మ మేక మా కిటికీ కాడ నిలబడి మేస్తున్నది. మీ సుమిత్రమ్మ కోసి, కోసి, కట్టలు గట్టి మార్కెట్‌కు పంపిచ్చింది. ఆ దినం చేవెళ్లల పాలకూర అడిగినోడు లేడు.”

“ఓహో, నా టమాటలు గూడ అందుకే పోలేదా!” అన్నాడు జంగయ్య.

లోపల చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగింది. “ఏమయ్యా, నన్నెందుకు గుంజుతవు నీ కోతలల్లకు?” అంది సుమిత్రమ్మ.

వింటోంది. అదే కావలసింది ఆయనకు.

“ఇగ నీళ్లు. మన బోరు నీళ్ల సంగతి మీకు ఎరుకే గద, పప్పు ఉడకదు, సబ్బు నురుగు రాదు. గా నీళ్లల్ల ఈ చేపలను ఏసుడంటే పసిపిల్ల నోట్లె సున్నం పెట్టుడే.” ఈ ఒక్క ముక్కనూ కొంచెం గట్టిగా అన్నాడు. “వీటికి వాననీళ్లు కావాలె. యాడికెల్లి తేవాలె? దాబా ఎక్కి చూసిన. వికారాబాద్ దిక్కుకెల్లి ఒక మబ్బు పట్నం పోతున్నది, తన పని మీద తాను. ‘ఓ అన్నా, జర ఆగు’ అని కేకేసిన. ఆగింది. ‘నాలుగు బిందెలు నింపి పో’ అన్న. నా బిందెలల్ల తప్ప ఒక్క చినుకు పక్కకు పడితే ఒట్టు. పక్క దాబా మీద నాగేందర్ మిరపకాయలు ఎండబోసిండు, ఒక్క కాయ గూడ తడవలే!” ఆయన చేతులు మబ్బును ఆపి, దించి, బిందెల్లోకి వంపి, మళ్లీ పట్నం తోవ పట్టించాయి.

“మబ్బు ఉత్తగనే పోసిందా తాతా?” అంది ముందు వరసలోని ఒక చిన్న పిల్ల.

“ఉత్తగ ఎందుకు పోస్తది? బెల్లంముక్క పెట్టిన. మబ్బులకు బెల్లమంటే పానం.”

జంగయ్య భుజాలు కదిలేలా నవ్వాడు. స్వప్నిక ఇప్పుడూ నవ్వలేదు. కాలి బొటనవేలితో గడపను గీస్తూ, చిప్ప మీది నుంచి కళ్లు తీయలేదు. అది వీరేశం చూశాడు. చెయ్యి తిరిగిన వంటవాడు కూర రుచి తగ్గిందనుకుంటే ఇంకో పిడికెడు కారం వేస్తాడు చూడండి, ఆయనా అదే చేశాడు.

“నీళ్లు పోసినంక బాదం ఆకులేసిన. చెట్టు మీదియి గాదు, ఎండి రాలినయి. నీళ్లు చాయ్ రంగుకు వచ్చినయి. మురికి గాదది! ఈ చేపల పుట్టినూరు అడివి వాగు, అండ్ల ఆకులు రాలి, నాని, నీళ్లు గట్లనే ఉంటయి. ఆ తర్వాత ఏమైంది? బీజాపూర్ బస్సు డ్రైవర్ మన దుకాణం ముందట బండి ఆపి చాయ్ అడిగిండు. ఎవలో మర్చిపొయ్యి ఈ నీళ్లు ఒక గ్లాసు ఇచ్చిన్రు. తాగిండు. ఇగ సూడు, బీజాపూర్ దాక బ్రేకు మీద కాలు పెట్టలే! తొవ్వల బర్లు తమంతట తామే పక్కకు జరిగినయట. అక్కడ దిగి నాకు ఫోన్ చేసిండు, ‘సేటూ, ఇంకో గ్లాసు ఉన్నదా’ అని.”

“మరి దొర?” అన్నాడు రిషి, నోరు తెరిచి.

“దొరనా! బొటనవేలంత ఉంటడు గని పౌరుషం కొండంత. ఒకనాడు పిల్లి వచ్చి తొట్టి మీద కాలు పెట్టింది. దొర రెక్కలు విప్పి ఒక్క చూపు చూసిండు, పిల్లి పొయ్యి మొయినాబాద్‌ల తేలింది. ఇంకోనాడు రోడ్డు మీద లారీవోడు హారన్ కొట్టిండు. మన దొరకు కోపమొచ్చింది. తొట్టిలకెల్లి లేచి, కిటికీలకెల్లి ఎగిరి, ధభీమని దుంకి రోడ్డుకు అడ్డం నిలబడ్డడు!” దొర దూకిన ఊపుకు వీరేశం చెయ్యి రిషి నెత్తిన ఠపీమని తగిలింది. “ఇటు మొయినాబాద్ దాక, అటు మన్నెగూడ దాక బండ్లన్నీ బంద్. ఆఖరికి నేను పొయ్యి, ‘దొరా, బడిపిల్లలకు పరీక్షలున్నయి, జర తొవ్వ ఇయ్యి’ అని బతిమిలాడి, జేబుల ఏసుకొని తెచ్చిన.”

రిషి నెత్తి రుద్దుకుంటూ లోపలికి చూశాడు. చూసి, చాలా న్యాయమైన ప్రశ్న అడిగాడు.

“లారీనే ఆపినోడు మరి గిట్ల మూలకు ఎందుకు నిలబడ్డడు తాతా?”

అందరి తలలూ తొట్టి వైపు తిరిగాయి. గాలిలో ఉన్న వీరేశం చేతులు అక్కడే ఆగి, మెల్లగా ఒళ్లోకి దిగాయి.

“చిన్ని తరిమింది,” అన్నాడు.

“ఎందుకు?”

“గుడ్లున్నయి లోపల. చిప్ప కప్పుకు అంటుకొని ఉన్నయి, సజ్జగింజలంత. అది తలకిందులయి వాటికి రెక్కతోని ఇసురుతున్నది. తిండికి గూడ కదలదు. ఎవలు దగ్గరికొచ్చినా తరుముతది, మొగడైనా సరే. చిప్ప ఎత్తినా, నీళ్లు మార్చినా బెదిరిపోతది. బెదిరితే తన గుడ్లు తనే తింటది.”

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఎదురడగలేదు. రోడ్డు మీద బస్సు ఒకటి పోయిన చప్పుడు వినబడింది, అంతే.

తన మాట తర్వాత ఇంత నిశ్శబ్దం వీరేశం ఎన్నడూ ఎరగడు. నవ్వితే నమ్మినట్టో నమ్మనట్టో తెలిసేది, ఈ నిశ్శబ్దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. కంగారుపడ్డాడు. కంగారులో మనిషి అలవాటైన తోవనే పరుగెడతాడు.

“నీకెట్ల తెల్సు అంటరా? నేను లోపలికి పోయిన గద! ఊపిరి బిగవట్టి, పంచె ఎగ్గట్టి తొట్టిల దిగిన. కన్నంల దూరిన. చిన్ని నన్ను చూసి ‘రా అన్నా, కూసో’ అని పీట ఏసింది. ‘జర సేపు నువ్వు ఇసురన్నా, నేను ఇంత తిని వస్త’ అన్నది. ఆడబిడ్డ అడిగినంక కాదంటమా? ఇసిరిన, ఇట్ల, ఇట్ల! మొన్న గాలిదుమారానికి జంగన్న చేన్ల పందిరి లేచిపొయ్యింది సూడు, అది గాలిదుమారం గాదు, నేనే!”

విసిరిన చెయ్యి తగిలి జంగయ్య తలపాగా ఊడొచ్చింది. అరుగు గొల్లుమంది. “నా పందిరికి జవాబు జెప్పు సేటూ,” అని జంగయ్య కళ్లు తుడుచుకున్నాడు. వీరేశం కూడా నవ్వాడు కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తెచ్చిన ఒక్క నిజాన్నీ తన చేతులతో తనే ముంచేసుకున్నాడు.

“అయ్యిందా?” అని లోపలి నుంచి సుమిత్రమ్మ. “రేపు తొట్టి కడిగినప్పుడు చూస్త, నీ పీట యాడున్నదో.”

స్వప్నిక గుమ్మం దగ్గర నుంచి కదిలింది. చిప్ప ఎత్తడానికే అనుకుని వీరేశం ఆపబోయాడు. ఆ పిల్ల లోపలికి పోలేదు. పిల్లల మధ్య నుంచి దారి చేసుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది.

“తాతా, నువ్వు ఆటో లేపినప్పుడు నీ చేతులు లేచినయి.”

“లేపాలంటే లేవొద్దా బిడ్డా?”

“మబ్బును పిలిచినప్పుడు మీదికి పోయినయి. దొర దుంకినప్పుడు రిషి నెత్తికి తగిలినయి.”

“తగిలినయి,” అన్నాడు రిషి సాక్షిగా.

“తొట్టిల దిగి ఇసిరినప్పుడైతే జంగయ్య తాత తలపాగ ఊడొచ్చింది. కానీ గుడ్లున్నయి అన్నప్పుడు మాత్రం కదలలే. ఒళ్లెనే ఉన్నయి. తరుముతది అన్నప్పుడు గూడ.” స్వప్నిక ఆయన చేతుల మీద వేలు పెట్టింది. “అంటే గా ఒక్కటే నిజం. మిగిలిందంత కోతలు. మబ్బు గూడ.”

“పట్టింది సేటూ!” జంగయ్య చేతులు చరిచాడు. “ఇన్నేండ్ల కెల్లి ఇంటున్నం గని నీ తాళంచెయ్యి యాడున్నదో మాకు దొరకలే. చేతులల్ల పెట్టుకొని తిరుగుతున్నవా!”

వీరేశం తన చేతుల వంక చూసుకున్నాడు. ఇంతకాలం తన పక్షం అనుకున్నవాళ్లు అవతలి పక్షంలో కలిసిపోయినట్టు అనిపించింది.

“మబ్బు సగం నిజమే బిడ్డా,” అన్నాడు నీరసంగా. “వానైతే పడ్డది.”

“పడ్డది. నానమ్మే బిందెలు పెట్టింది.” స్వప్నిక నవ్వింది. ఆ సాయంత్రానికి అదే మొదటి నవ్వు. “నేనిగ చిప్ప జోలికి పోను.”

ఆ మాటతో వీరేశానికి పరువు పోయిన సంగతి గుర్తే రాలేదు. అయితే ఇంకో సగం అలాగే ఉంది. స్వప్నిక లోపలికి పోయి, “నానమ్మా, రేపు కడగకే,” అంది.

“నీకు మీ తాత చేతులు సాక్ష్యం. నాకట్ల నడవది తల్లీ. కండ్లతోని చూడాలె,” అంటూ సుమిత్రమ్మ చాట పక్కన పెట్టి లేచింది. కాళ్లు కడుక్కుని, దేవుని గూట్లో దీపం వెలిగించింది. ఒత్తి సరిచేసి వెనక్కి తిరగబోతూ ఆగిపోయింది.

దీపం వెలుగు పక్క నుంచి తొట్టిలో పడింది. చాయ్ రంగు నీళ్లు తేనెలా వెలిగాయి. దొరగారు ఉలిక్కిపడి మూలలోకి ఇంకా కొంచెం ఒదిగాడు. కొబ్బరిచిప్ప కన్నంలోంచి చిన్న మూతి ఒకటి బయటికి వచ్చింది. తర్వాత తల. తర్వాత ఒళ్లంతా.

అది బూడిద రంగులో లేదు. అప్పుడే అరగదీసి పూసినట్టు పచ్చటి పసుపు. కంటికి అడ్డంగా నల్లటి గీత, తీర్చి దిద్దినట్టు. గడపలో నిలబడ్డ ఇల్లాలిలా కన్నం ముందు నిలబడి దొర వైపు ఒక చూపు, అద్దం అవతలి సుమిత్రమ్మ వైపు ఒక చూపు చూసింది. దొరకు ఏమనిపించిందో ఆకు వెనక్కి పోయాడు. అది మళ్లీ వెనక్కి జరిగి, చిప్పలోకి వెళ్లిపోయింది.

“నానమ్మా,” స్వప్నిక గుసగుసగా అంది, “అది మన చిన్నేనా?”

సుమిత్రమ్మ చేతిలో నూనె గిన్నె అలాగే ఉంది. పిల్లలంతా గుమ్మంలో ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆమె గిన్నెను గూట్లో పెట్టింది.

“పసుపు పూసుకున్నది. కాటుక గూడ పెట్టుకున్నది.” తర్వాత అరుగు వైపు తిరిగి, “ఏమయ్యా, ఇంట్ల బాలింత ఉన్నదని చెప్పొద్దా?” అంది.

“చెప్పిన గదనే!”

“చెప్పినవు. పీట గూడ చెప్పినవు.” ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. “పసుపు పూసుకొని కూసున్న బాలింతను శుక్రవారం నాడు ఎవలన్న ఇల్లు కదిలిస్తరా? పాపం తగలది? రేపు ఈ అర్ర కడుగుడు లేదు. గడపకు పసుపు రాసి ఊకుంట.” పోతూ పోతూ దొర నిలబడ్డ మూల వైపు వంగి చూసింది. “పెండ్లాం పోయిందనుకున్న, తన్నిందన్న మాట. మంచి పని చేసింది,” అని భర్త వైపు చూసింది.

సందు మొదట్లో ఆటో హారన్ మోగింది. జంగయ్య తలపాగా చుట్టుకుంటూ అరుగు దిగాడు. “సేటూ, నా గంప?”

“రేపు తప్పకుండ పంపిస్త జంగన్నా.”

“చేతులు చూపెట్టి చెప్పు.”

వీరేశం రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, “పంపిస్త,” అన్నాడు. జంగయ్య నవ్వుకుంటూ పోయాడు.

రిషికి ఇంకా తీరలేదు. “తాతా, మరి పిల్లలు ఎప్పుడొస్తయి?”

“ఎల్లుండి పొద్దుగాల!” వీరేశం చేతులు రివ్వున లేచాయి. “ఏనుగంత గుంపు! ఒక్కొక్కటి...”

గుమ్మంలో స్వప్నిక ఆయన చేతులనే చూస్తోంది. అవి గాల్లోనే తడబడి, దారి మర్చిపోయినట్టు కొంచెంసేపు ఆగి, ఒకదాని వెంట ఒకటి ఒళ్లోకి వచ్చి చేరాయి.

“నాకు తెల్వదు బిడ్డా,” అన్నాడు వీరేశం. “వచ్చినప్పుడు అందరం చూద్దాం. ఇగ పోండ్రి, మీ అవ్వలు పిలుస్తున్నరు. కాళ్లు కడుక్కొని బువ్వ తినుండ్రి. రేపు వచ్చేటోళ్లు చెప్పులు దూరం ఇడిచి, సప్పుడు చెయ్యకుంట రాండ్రి. ఇంట్ల బాలింత ఉన్నది.”